ఎసేత ఇల్లు తప్ప

పొద్దున్నే చూస్తే కూతురి చాప ఖాళీగా ఉంది. లూసియా కంగారుపడలేదు. సమోవాలోని ఆ ఊళ్ళో పిల్లలు ఆకలేసిన చోట తింటారు, నిద్రొచ్చిన చోట పడుకుంటారు. ఆరేళ్ళ తెలేసియా వాళ్ళక్క దగ్గర ఉంటుందిలే అనుకుంది. అక్కేమో పాస్టరుగారింట్లో ఉందనుకుంది. "మా ఇంటికి రాలేదే!" అని పాస్టరమ్మ అనేసరికి లూసియా వీధిలోకొచ్చి కేక పెట్టింది.

ఊరంతా పోగవ్వమని శంఖం ఊదారు. మగాళ్ళు పడవలేసుకుని సముద్రంలోకి పోయారు. ఆడవాళ్ళు ఉడికించిన చేమదుంపలతో, సలహాలతో లూసియా చుట్టూ చేరారు.

"రాత్రి ఒక్కసారి లేచి చూసుకోవద్దటే?" అంది లూసియా పెద్దమ్మ. ఆమె మనవళ్ళు రాత్రి ఎక్కడ పడుకున్నారో ఆమెకే తెలీదు.

"అన్ని ఇళ్ళూ చూశారా?" అడిగింది పాస్టరమ్మ.

"చూశాం," అన్నారు మిగతావాళ్ళు.

అందరి చూపులూ రోడ్డవతల ఇంటి మీద వాలి, మర్యాదగా పక్కకి తప్పుకున్నాయి. అది లూసియా ఆడపడుచు ఎసేత ఇల్లు. చర్చి పాటల బృందంలో ముందు వరస ఎవరిదన్న దాని మీద ఏడాదిగా ఇద్దరికీ మాటల్లేవు. "అటు వెళ్ళావంటే కాళ్ళు విరగ్గొడతా" అని కూతురికి చెప్పింది లూసియాయే. ఆ ఇంట్లో వెతకమంటే లూసియా నొచ్చుకుంటుందని ఊరంతా సముద్రంలో వెతుకుతోంది.

"ఎసేత ఏదీ?" అంది లూసియా. ఏడాది తర్వాత ఆ పేరు ఆమె నోట రావడం అదే మొదలు.

"తెల్లారకముందే పీతలకి పోయింది. సంగతి తెలిసి పీకల్లోతు నీళ్ళలో వెతుకుతోంది, ఏడుస్తూ," అన్నారెవరో.

లూసియా లేచింది. రోడ్డు దాటి కొబ్బరాకు తడిక ఎత్తింది. దోమతెరలో చెవిటి అత్తగారు, ఆవిడ చంకలో ముడుచుకుని నిద్రపోతూ తెలేసియా.

"నాకప్పుడే అనిపించింది!" అంది పెద్దమ్మ. అక్కడున్న అందరికీ అప్పుడే అనిపించిందట.

కబురందుకుని ఎసేత పరుగెత్తుకొచ్చింది. బట్టల నిండా నీళ్ళు, పగడపు రాళ్ళు కోసేసి పాదాల నిండా నెత్తురు. తినడం ఆపి అందరూ చెవులు రిక్కించారు.

"పిల్లని ఇంట్లో పెట్టుకుని సముద్రం దేవుతావా? కళ్ళెక్కడ పెట్టుకున్నావే?" అంది లూసియా.

"చీకట్లో లేచిపోయాను. నీ పిల్ల మా అమ్మ పక్కలో ఉంటుందని నాకేం తెలుసు వదినా? రావద్దన్నది నువ్వేగా!"

లూసియా బకెట్టుతో నీళ్ళు తెచ్చి, ఎసేతని కూర్చోబెట్టి, పాదాలు కడగసాగింది. కడుగుతున్నంతసేపూ ఏడాదిగా దాచుకున్న తిట్లన్నీ తిట్టింది. ఎసేత ఒక్కదానికీ ఊరుకోలేదు.