నురగెత్తిన చారు

పాకాల స్టేషను దగ్గర బడిలో జయరావు ఒకటో తరగతి అయ్యవారు. అక్షరాలన్నీ తన పేరిట రిజిస్టరైనట్టే ఊళ్లో తిరిగేవాడు. సొంత తల్లి గంగులమ్మకు మాత్రం ఏడాదిగా గుణింతాలు నూరిపోస్తున్నా గుణం కనిపించలేదు.

"క గుడిస్తే కి, క కొమ్మిస్తే కు" అని ఇతను మొదలుపెడితే, "గుడిచ్చినా కొమ్మిచ్చినా నాకొచ్చేది నిద్రే నాయనా" అనేది.

అలాంటి తల్లి, వీధి చివర పంకజాక్షి నడిపే వయోజన విద్య బడికి పోయి, నెల తిరక్కుండానే బస్సు బోర్డు చూసి "చిత్తూరు" అనేసింది. పంకజాక్షి అక్షరాలు విడగొట్టదు. మొహం చూసి మనిషిని పోల్చుకున్నట్టు మాటనంతా ఒక్క చూపులో పోల్చుకోమంటుంది. రోజూ పనికొచ్చే మాటలు అట్టముక్కల మీద రాసిచ్చి, వంటింటి డబ్బాలకు అంటించుకోమంటుంది.

"అట్టల చదువు. అంతా అట్టహాసం" అన్నాడు జయరావు. ఈర్ష్య అనే మాటకు కావలసిన ఒత్తులన్నీ అతని కడుపులో వెలుగుతున్నాయి.

అమ్మ చదవడం లేదు, డబ్బా ఉన్న చోటును బట్టి చెబుతోందని నిరూపించాలనుకున్నాడు. ఆమె నీళ్లకు పోగానే, ఒకేలాంటి రెండు డబ్బాల మీది "ధనియాలపొడి", "సీకాయపొడి" అట్టలు తారుమారు చేశాడు. డబ్బాలు కదపలేదు. పొడులు రెండిటిదీ ఒకటే రంగు. గంగులమ్మ ముక్కు ఏనాడో నశ్యానికి అంకితం. చారు బాగుంటే పంకజాక్షి పరువు చారులో కలిసినట్టే.

మధ్యాహ్నం విస్తట్లో పడ్డ చారు బుసబుసా నురగెత్తింది. అమ్మ చోటు చూడలేదు, మాట చూసింది.

గంగులమ్మ ఒక చుక్క నాలుక మీద వేసుకుని మొహం చిట్లించింది. "మాట తప్పు సదివినట్టుండానురా. నాకీ సదువు రాదులే. రేపట్నించి ఆ బడికి పోను."

జయరావుకు కావలసిందీ అదే. నోరు మూసుకుంటే చాలు. కానీ ఆమె తలవంచుకుని అట్టలు పీకబోతుంటే విస్తరి ముందునుంచి లేచి అడ్డం పోయాడు.

"నువ్వు సరిగ్గానే చదివినావమ్మా. అట్టలు మార్చింది నేను."

"ఎందుకురా?"

"ఆమె దగ్గర చదువొచ్చె. నా దగ్గర నిద్రొచ్చె."

గంగులమ్మ అతన్ని ఎగాదిగా చూసింది. "ఈ మాట ఆ పంకజాక్షికి నువ్వే సెప్పిరా పో."

చెయ్యి కడుక్కుని జయరావు చెప్పులు వెతుక్కుంటుంటే, వంటింట్లోంచి వినిపించింది.

"తలకు పోసుకోని పోరా. చారు శానా మిగిలుండాది."