ముప్పయ్యేళ్ళు ఉండే పూత

తాడూ బొంగరం లేని ఆ అన్నదమ్ములిద్దరూ అరవయ్యేళ్ళు ఒకే ఇంట్లో బతికారు గానీ, పోట్లాడుకోకుండా చేసిన పని ఒక్కటీ లేదు. నాన్న వదిలి వెళ్ళిన పాత కారు అందుకు మంచి సాకు. ఏటా వానలు వెలిశాక వచ్చే మొదటి ఆదివారం ఇద్దరూ దాని కింద వెల్లకిలా దూరి, అడుగున ఉండే ఇనప చట్రానికి, అదే ఛాసిస్‌కి, కాలిన ఇంజన్ ఆయిల్ పూసేవారు.

"ఆ మూల వదిలేశావు కదరా, కళ్ళున్నాయా?" అని అన్నయ్య.

"ముందు నువ్వు లైటు సరిగ్గా పట్టు" అని తమ్ముడు. ఆ తమ్ముడే లెక్కల మాస్టారు.

అన్నయ్య పోయి పది నెలలైంది. తిట్టేవాళ్ళు లేక ఇల్లు బావురుమంటోంది. పాలవాడికి "ఊఁ" అంటే తప్ప మాస్టారికి తన గొంతు తనకే వినపడని రోజులున్నాయి. ఈసారి లైటు పట్టే మనిషి లేక, చివరికి కారు బాడీ విప్పించి, ఉత్త ఛాసిస్‌ని ఇనుముకి రంగులు వేసే పూతల షెడ్డుకి పట్టుకెళ్ళారు.

షెడ్డు నడిపే రంగులాయన స్క్రూడ్రైవరుతో అక్కడక్కడా గీకి చూశాడు. "ఇన్నేళ్ళూ దీనికి నూనె పట్టించిన మహానుభావుడెవరో గానీ, తుప్పు చుక్కయినా లేదండీ మాస్టారూ."

"పూసింది నేనే. లైటు పట్టి, తిట్టి పూయించింది మా అన్నయ్య" అన్నారు మాస్టారు.

"రెండు దారులున్నాయండీ. నూనె వదిలించి, ఇసుక కొట్టి, పొడి రంగు చల్లి బట్టీలో కాల్చడం ఒకటి. లేదంటే బ్రష్షుతో ఎపాక్సీ అనే గట్టి రంగు వేసి, చట్రం లోపలి బోలులో మైనం కొట్టడం. దానికి ఏటా కింద దూరి, రాళ్ళు తగిలిన చోటల్లా మళ్ళీ పూసుకోవాలి. మీ వయసుకి పొడి రంగే హాయి. ముప్పయ్యేళ్ళు నా మొహం చూడక్కర్లేదు!"

అతను గొప్పగానే చెప్పాడు. మాస్టారికి మాత్రం, లెక్కల మనిషి కదా, వద్దన్నా లెక్క పడిపోయింది. ముప్పయి ఆదివారాలు, ఒక్కదాంట్లోనూ పలకరించే మనిషి లేడు.

"ఆ పొడి రంగు పెచ్చు లేస్తే నీళ్ళు దాని కిందకి పాకుతాయి కదయ్యా. పైన పటారం, లోన లొటారం."

"అదీ నిజమేననుకోండి. కానీ ఏటా ఆ చాకిరీ ఒక్కరి వల్ల కాదు. ఒకరు పూస్తుంటే ఒకరు లైటు పట్టాలి."

"నీ దగ్గరికే తెస్తాను. వానలు వెలిశాక, మొదటి ఆదివారం."

"ఆదివారం షెడ్డుకి సెలవండీ."

మాస్టారు ఛాసిస్‌ని ఈ చివర నుంచి ఆ చివరికి చేత్తో నిమిరారు. "సరే అయితే, పొడి రంగే వేసెయ్" అన్నారు.

రంగులాయన ఆయన చేతి వంక చూశాడు. అన్నయ్య తిట్టి పూయించిన నూనె ఆ వేళ్ళకి నల్లగా అంటుకుంది. తుడుచుకోమని గుడ్డ అందించాడు. ఆయన తుడుచుకోలేదు.

"సెలవు షెడ్డుకి గానీ నాక్కాదు లెండి" అన్నాడు రంగులాయన. "బ్రష్షు రంగే వేద్దాం. ఆ ఆదివారం నేనే మీ ఇంటికొచ్చి లైటు పడతాను."

"ఒక్క మాట. నేను మూల వదిలేస్తే తిట్టాలి."

"మాస్టార్ని తిట్టడమేంటండీ!"

"తిట్టాలి. గట్టిగా" అన్నారు మాస్టారు, కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ.