నేను తెచ్చిన పిలక

ప్రాణులు ఒకదానికొకటి చేసుకునే మేలూ కీడూ గురించి నాలుగో తరగతిలో ఒక పాఠం ఉంది. పదకొండేళ్లుగా చెప్తున్నాను కాబట్టి పుస్తకం తెరవక్కర్లేదు. బోర్డు మీద మూడు గడులు గీస్తాను. మొదటి గడి ఇద్దరికీ మేలు. రెండోది ఒకరికి మేలు, అవతలివారికి లాభమూ లేదు, నష్టమూ లేదు. మూడోది ఒకరికి మేలు, అవతలివారికి చేటు. పుస్తకంలో సొరచేపలూ మొసళ్లూ ఉంటాయి. మా కొండల్లో వాటి మొహం ఎవరు చూశారు? వాటిని పక్కనపెట్టి, ఊళ్లో కళ్లతో చూసినవి చెప్పమంటాను.

మాకు శుక్ర, శనివారాలు సెలవు, ఆదివారం బడి తెరుస్తారు. ఆ ఆదివారం కూడా పాఠం హుషారుగానే మొదలైంది. ఊరి కాలువలో కాళ్లు పెడితే చిన్నచేపలు వచ్చి పాదాలకున్న చచ్చిన చర్మం కొరుక్కుతింటాయని ఒకమ్మాయి చెప్పింది. అది మొదటి గడి. మేక చెవిలో పిడుదు మూడో గడి. ఖర్జూరం చెట్టుకి మనం మగపూత తెచ్చి కడతాం, అది మనకి పళ్లిస్తుంది అని ఇంకొకరన్నారు. శభాష్ అన్నాను.

అంతలో కహ్లాన్ లేచాడు. వాడు లేచాడంటే క్లాసంతా ముందే నవ్వడం మొదలుపెడుతుంది.

"అబ్లా, మా మామయ్య రోజూ మేం అన్నం పళ్లెం చుట్టూ కూర్చోగానే వచ్చేస్తాడు. ఆయన్ని ఏ గడిలో పెట్టమంటారు?"

మా దగ్గర పిల్లలు టీచరుని అబ్లా అంటారు.

"నిన్ను రోజూ బండిలో బడికి దింపేది ఎవర్రా? మొదటి గడిలోనే ఉండనీ మీ మామయ్యని. కూర్చో."

అప్పుడు శమ్సా వచ్చింది. పదేళ్ల పిల్ల, బక్కగా ఉంటుంది, చెప్పిన పని చెప్పినట్టు చేస్తుంది. ఇంకొకదాన్ని పట్టుకుని బతికే జీవిని ఒకదాన్ని పట్టుకురండని గురువారం నేనే పిల్లలకి ఇంటిపని ఇచ్చాను. సగం మంది మర్చిపోయారు. శమ్సా మర్చిపోలేదు. హల్వా డబ్బా ఒకటి నా బల్ల మీద పెట్టి మూత తీసింది.

లోపల రెండు ఎర్రటి పురుగులున్నాయి. బొటనవేలంత ఉన్నాయి, ముందుకి పొడుచుకొచ్చిన వంకర ముక్కు, వీపు మీద నల్లచుక్కలు.

అది ఎర్ర ముక్కుపురుగు. దాని బొమ్మ ఉన్న కాగితం మా బడి గేటుకి అంటించింది నేనే. చెట్టు కాండంలో గుడ్లు పెడుతుంది, పిల్లపురుగులు లోపల్లోపలే తినేస్తాయి, బయటికి ఆకు పచ్చగానే ఉంటుంది, ఒకరోజు చెట్టు పడిపోతుంది. తీరప్రాంతంలో తోటలకి తోటలే పోయాయి. మా కొండకి ఇంకా ఎక్కలేదని మావాళ్లకి కాస్త గర్వం కూడా ఉండేది.

"ఎక్కడ దొరికాయమ్మా ఇవి?" అన్నాను, డబ్బా మూత పెట్టేస్తూ.

"మా తమ్ముడి చెట్టు దగ్గర, అబ్లా. మూడో గడి కదా?"

ఆ చెట్టు నేను ఇచ్చిందే.

మాలో పుట్టిన బిడ్డని చూడ్డానికి వేరే ఊరినుంచి వచ్చేవాళ్లు వట్టి చేతులతో రారు. ఖర్జూరం పిలక, అంటే తల్లిచెట్టు మొదట్లో మొలిచే పిల్లమొక్క, తెస్తారు. దాన్ని ఆ బిడ్డ పేరున నాటుతారు, అది ఆ బిడ్డ చెట్టవుతుంది. రెండేళ్ల కిందట శమ్సా తమ్ముడు యారుబ్ పుట్టినప్పుడు నేను తీరాన మా నాన్న ఇంట్లో ఉన్నాను. పిలకలు తీరంనుంచి కొండకి తేకూడదని అప్పటికే ప్రభుత్వం ఆపింది. నాకు తెలీదా? కాగితం అంటించినదాన్ని. కానీ శమ్సా నానమ్మ జువైనా అమ్మ నాకు ఈ ఊళ్లో తల్లిలాంటిది. నేను కొత్తకోడలిగా వచ్చి, 'చేపల ఊరి పిల్ల' అని అందరూ ఆటపట్టిస్తుంటే మొదట నన్ను చాప మీద పక్కన కూర్చోబెట్టుకుంది ఆవిడే. ఆవిడ మనవణ్ణి చూడ్డానికి వట్టి చేతులతో ఎలా వెళ్లను? మా నాన్న చెట్లకి ఏ రోగమూ లేదు, రోగాలు పక్కవాళ్ల తోటల్లోనే ఉంటాయి అనుకున్నాను. పిలకని గోనెలో చుట్టి, పైన ఎండుచేపల బస్తా పెట్టాను. చెక్‌పోస్టులో కుర్రాడు నేను టీచర్నని తెలిసి లేచి నిలబడ్డాడు. వెనక ఏముందని కూడా అడగలేదు.

బడి వదలగానే జువైనా అమ్మ తోటకి వెళ్లాను. యారుబ్ చెట్టు నా నడుమెత్తుంది. మోకాళ్ల మీద కూర్చుని కాండానికి చెవి ఆనించాను. లోపల కరకర చప్పుడు. మొదట్లోంచి పులిసిన వాసన. శమ్సా కూడా నా పక్కనే చెవి పెట్టి, "తింటున్నాయి, అబ్లా" అంది మెల్లగా.

మర్నాడు కబురందుకుని తోటలశాఖనుంచి హిమ్యర్ అనే ఉద్యోగి వచ్చాడు. వయసు ముప్ఫై ఉండవచ్చు, మర్యాదస్తుడు. చూడగానే పెదవి విరిచాడు.

"ఇది పోయినట్టే, తల్లీ. నరికి కాల్చాలి. ఈ పిలక ఎక్కడిది?"

జువైనా అమ్మ నాకు రెండడుగుల దూరంలో నిలబడి ఉంది. నావైపు కన్నెత్తి చూడలేదు.

"ఎక్కడిదేంటి నాయనా? ఇదిగో, ఈ పక్క చెట్టుదే."

పక్క చెట్టంటే ఆవిడ భర్త నాటిన నగాల్ రకం ఖర్జూరం చెట్టు. ఊళ్లో అన్నిటికంటే ముందు పండేది అదే. వేసవిలో మొదటి పండు ఆ ఇంటినుంచే ఊరంతటికీ వెళ్తుంది. ఆయన పోయి పదిహేనేళ్లయింది. వారం కిందటే దానికి మగపూత కట్టించింది.

హిమ్యర్ ఆ చెట్టు చుట్టూ రెండుసార్లు తిరిగాడు. "అయితే రోగం తల్లిలోనే ఉంది. పిలకని విడదీసిన గాయంలోంచే ఎక్కుతుందిది. ఇంత లావు మానులో చప్పుడు వినపడదు. పిలక బయటినుంచి తెచ్చిందైతే ఈ పెద్దచెట్టుకి మందెక్కించి చూసేవాళ్లం. దీని పిలకే అంటున్నారు కాబట్టి రెండూ తియ్యాలి. గురువారం పొద్దున మిషను తెస్తాను."

ఆవిడ తలమీది గుడ్డ సరిచేసుకుంది, అంతే. ఇచ్చిన కానుకని తప్పుపట్టి, తెచ్చినమనిషిని పదిమందిలో నిలబెట్టడమంటే మావాళ్లకి చావుతో సమానం. అందుకని తన భర్త చెట్టుని అప్పగించేసింది. నేను ఒక్క మాట అంటే అది బతుకుతుంది. 'ఈ పిలక నేను తెచ్చాను.' ఇంతే మాట. నాకు నోరు పెగల్లేదు.

సాయంత్రం మా ఆయన ముహన్నాకి చెప్పాను. ఆయన టీ గ్లాసు కింద పెట్టి నన్ను ఎగాదిగా చూశాడు.

"పిచ్చా నీకు? ఆవిడే చెప్పనప్పుడు నువ్వెందుకు చెప్పడం? నీ ఉద్యోగం ఏమవుతుంది? ఊరంతా ఏమంటారు? చేపల ఊరి పిల్ల పురుగు పట్టుకొచ్చిందంటారు."

"ఆవిడ చెట్టు పోతుంది."

"తోటలో పదకొండు చెట్లున్నాయి ఆవిడకి. నీకున్నది ఒక్క పరువు."

తప్పని తెలుస్తూనే ఉంది. అయినా ఆ మాట నాకు హాయిగా అనిపించింది. అందుకు ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను.

ఇంకో సంగతి నేను ఊహించలేదు. జువైనా అమ్మ చెట్టుకి రోగం ఎలా వచ్చిందని ఊళ్లో ఆడవాళ్లు చర్చ పెట్టుకున్నారు. ఎవరో శమ్సా హల్వా డబ్బా సంగతి ఎత్తారు. పురుగుల్ని డబ్బాలో పెట్టి పెంచుతోందట. వాటిని పట్టుకుని అన్ని తోటల గట్ల మీదుగా బడికి నడిచి వెళ్లిందట. దారిలో ఎన్ని ఎగిరిపోయాయో! మంగళవారానికి ఆ పిల్ల పక్కన కూర్చునేవాళ్లు లేరు. బుధవారం విరామంలో కాలువ గట్టున కహ్లానూ వాడి బ్యాచీ అరుస్తున్నారు.

"పురుగుల శమ్సా! పురుగుల శమ్సా! మా తోటవైపు రాకే!"

వాళ్లని కేకలేశాను. చెవులు మెలిపెట్టినంత పని చేశాను. కానీ డబ్బా తెమ్మన్నది నేనేనని చెప్పలేదు, పురుగుని కొండెక్కించింది నేనని అసలే చెప్పలేదు. శమ్సా గోడవైపు తిరిగి రొట్టె తింటోంది. దగ్గరికి వెళ్తే నావైపు చూసి, "ఏం లేదు, అబ్లా" అంది. నేనే ఆ పిల్లని ఓదార్చాల్సింది పోయి, ఆ పిల్లే నన్ను ఓదారుస్తోంది.

జువైనా అమ్మ ఇంటిముందునుంచే నా దారి. మూడు సాయంత్రాలూ ఆవిడ అరుగుమీద కాఫీ కూజా, రెండు కప్పులు పెట్టుకుని కూర్చుని ఉంది. మూడు సాయంత్రాలూ నేను పని ఉన్నదాన్లా సలాం చెప్పి గబగబా వెళ్లిపోయాను.

గురువారం పొద్దున మొదటి గంట. బోర్డు మీద ఆదివారం గీసిన గడులు అలాగే ఉన్నాయి. నేను తుడవలేదు, ఎందుకో పిల్లలూ తుడవలేదు. కహ్లాన్ లేచాడు.

"అబ్లా, పురుగు మూడో గడి. మరి పురుగుని తెచ్చినవాళ్లు?"

ఎవరూ నవ్వలేదు. అందరూ శమ్సావైపు తిరిగారు.

"నేను తేలేదు" అంది శమ్సా.

"మరెవరు తెచ్చారే?"

శమ్సా నావైపు చూసింది. ఒక్క క్షణం. వెంటనే తల దించుకుని, "ఎవరూ తేలేదు. మా నానమ్మ చెట్టులోదే" అంది.

ఆ చూపుతో నాకు అంతా అర్థమైంది. ఆ పిల్లకి తెలుసు. రెండేళ్ల కిందట గోనె విప్పినప్పుడు నా పక్కనే ఉంది, గొయ్యిలో మొదటి చెంబు నీళ్లు పోసింది కూడా తనే. మూడు రోజులుగా అన్ని మాటలు పడుతూ నా పేరు దాచింది. పదేళ్ల పిల్ల దాస్తోంది, ముప్ఫై ఆరేళ్లదాన్ని నేను దాక్కుంటున్నాను. మూడో గడిలో ఎవరుండాలో నాకు ఇంకెవరూ చెప్పక్కర్లేదు.

"లేవండి అందరూ. వరసలో నడవండి" అన్నాను.

"ఎక్కడికి, అబ్లా?"

"పాఠానికి."

ఇరవైరెండు మంది పిల్లల్ని వెంటేసుకుని కాలువ గట్టున దాదాపు పరుగెత్తాను. రంపం మిషను చప్పుడు దూరంనుంచే వినపడుతోంది. ముందు చిన్నచెట్టునే కోస్తారులే, అది కొయ్యడానికి కాసేపు పడుతుంది, తవ్వి కాల్చాలి కదా అని నాకు నేనే చెప్పుకుంటున్నాను. తోట మలుపు తిరిగేసరికి మిషను ఆగింది.

నగాల్ చెట్టు నేలమీద ఉంది. కొత్తగా కట్టిన పూత గెలలు మట్టిలో నలిగిపోయాయి. పెద్దచెట్టు కూలాక చోటు దొరుకుతుందని దాన్నే ముందు కోశారట.

హిమ్యర్ మొద్దు ముందు గొంతుక్కూర్చుని ఉన్నాడు. కోసినచోట చేత్తో తడుముతున్నాడు. లోపలంతా పాలకోవాలా తెల్లగా ఉంది. ఒక్క తొర్ర లేదు, ఒక్క మచ్చ లేదు.

"ఇందులో ఏమీ లేదు, తల్లీ" అన్నాడు, తలెత్తకుండా. "ఇది శుభ్రమైన చెట్టు. ఆ పిలక దీనిది కాదు."

"దానిది కాదు" అన్నాను నేను. ఊళ్లో ఆడవాళ్లు పదిమందిదాకా ఉన్నారు, మగవాళ్లున్నారు, ముహన్నా ఉన్నాడు. "తీరంనుంచి నేను తెచ్చాను. చేపల బస్తా కింద దాచి తెచ్చాను. తేకూడదని తెలిసే తెచ్చాను. ఆ రోజు మీరడిగినప్పుడు ఇక్కడే నిలబడి నోరు మూసుకున్నాను. శమ్సా ఏ పాపమూ ఎరగదు. డబ్బా తెమ్మన్నదీ నేనే."

ముహన్నా మొహం పక్కకి తిప్పుకున్నాడు. కహ్లాన్ నోరు తెరుచుకుని నావైపు చూస్తున్నాడు. వాడలా చూడ్డం అదే మొదటిసారి. హిమ్యర్ జేబులోంచి కాగితం తీసి, నా పేరు అడిగి రాసుకున్నాడు. తిట్టినా బాగుండేది.

నేను జువైనా అమ్మ ముందుకి వెళ్లాను. "అమ్మా, నీకు తెలుసుగా."

"ఎందుకు తెలీదూ? నీ చేతుల్లోంచి అందుకున్నది నేనేగా."

"మరి ఎందుకు చెప్పలేదమ్మా?"

"నువ్విచ్చింది నా మనవడికి. దాన్ని నేనెట్లా తప్పంటాను?" ఆవిడ గొంతు పెంచలేదు. "నువ్వైతే చెప్పొచ్చు. చెప్తావనే మూడురోజులు కాఫీ పెట్టుకుని కూర్చున్నాను. నువ్వు కాళ్లకి చక్రాలున్నట్టు పోయావు."

నాకు ఏడుపు ఆగలేదు. ఆవిడ నన్ను దగ్గరికి తీసుకోలేదు, పొమ్మనీ అనలేదు. చిన్న గొడ్డలి తీసుకుని పడిపోయిన చెట్టు తలదగ్గరికి వెళ్లింది. మట్టలు ఒక్కొక్కటే కొట్టేసింది, లోపలి పీచు వలిచింది, తెల్లటి మొవ్వు బయటికి తీసింది. మాలో ఖర్జూరం చెట్టు పడితే దాని మొవ్వు పంచిపెట్టాలి. చెట్టు ఇచ్చే ఆఖరిది కాబట్టి ఎవరినీ వదలకూడదు, ఎవరూ వద్దనకూడదు.

"ఇది తినొచ్చా నాయనా?" అని హిమ్యర్‌ని అడిగింది.

"తినొచ్చు తల్లీ. దీనికి ఏ రోగమూ లేదు" అన్నాడు అతను, నేల చూస్తూ.

ఆవిడ ముక్కలు కోసి పళ్లెంలో పేర్చి శమ్సా చేతికిచ్చింది. "ముందు అబ్లాకి పెట్టు. బయటి ఊరినుంచి వచ్చినమనిషి" అంది.

పదకొండేళ్లలో ఆవిడ నన్ను బయటి ఊరి మనిషి అనడం అదే మొదలు.

శమ్సా నా ముందు నిలబడి పళ్లెం చాపింది. వెనక ఇరవై ఒక్క మంది పిల్లలు వరుస చెదరకుండా చూస్తున్నారు.

"తినండి, అబ్లా" అంది. "బాగుంటుంది."

ఒక ముక్క తీసి నోట్లో పెట్టుకున్నాను. కమ్మగా, తియ్యగా ఉంది. అంత తియ్యగా ఉండకపోతే బాగుండేది.