నురగ గ్లాసు

పాకలోకి మోకాలెత్తు నీళ్ళొచ్చిన పెద్ద వరద తర్వాతి ఏడు జరిగింది ఇది.

ఇంట్లో మగవాళ్ళం ఇద్దరం, అన్నయ్యా నేనూ. పొద్దున్నే గ్లాసులు పట్టుకుని ఆవు పక్కన నిలబడేవాళ్ళం. నా భార్య పొదుగు కడిగి, పితికి, నురగతో పోసేది. అక్కడే గటగటా తాగి మూతి తుడుచుకుంటే చాలు, మహా మగతనం. ఆడవాళ్ళకు ఆ గ్లాసు లేదు. అడుగున మిగిలినవి కాచి, టీ రంగు మారేంత పోసుకునేవారు.

ఆ ఏడు ఉన్న రెండావుల్లో పాలిచ్చే ఆవు చూలు ఆరో నెలలోనే చచ్చిన దూడను వేసింది.

"దీని పాలు కాచకుండా తాగకండి" అంది నా భార్య.

"పాలు తాగడం కూడా నువ్వే నేర్పాలా మాకు?" అన్నాడు అన్నయ్య. "కాస్తే బలమంతా ఆవిరైపోతుంది."

నేను నవ్వాను.

నెల తిరక్కుండా ఇద్దరం మంచమెక్కాం. సాయంత్రానికి జ్వరం, తెల్లారేసరికి చెమట, కీళ్ళన్నీ విరిచేసినట్టు నొప్పి. తడిసిన దుప్పట్లు ఆమే ఉతికింది. అమ్మ గుమ్మంలో కూర్చుని, "అసలు చేతులు కడుక్కునే పితికావా? నీ మురికే నా కొడుకులకు పట్టింది" అంది. ఆమె మూడుసార్లు కడుగుతుందని నాకు తెలుసు. అప్పుడు నా నోట్లో థర్మామీటరేమీ లేదు. అయినా గోడవైపు తిరిగి పడుకున్నాను.

డాక్టరమ్మ రక్తపరీక్ష కాగితం చూసి, "పచ్చిపాలు ఎవరు తాగారు?" అని అడిగింది.

"నా కొడుకులిద్దరూ" అంది అమ్మ గొప్పగా.

"కోడలు?"

"ఆడదానికి పచ్చిపాలెందుకమ్మా!"

"అందుకే ఆవిడ నిలబడింది, వీళ్ళు పడుకున్నారు. జబ్బు ఆవు పాలలో ఉంది. పొంగించి కాస్తే చచ్చేది."

నా భార్య తర్వాతెప్పుడో ఒక్కసారి చెప్పింది. పదకొండేళ్ళు పితికినా ఒక్క గుక్క తాగమన్నవాళ్ళు లేరని లోపల్లోపల కుమిలేదట. ఆ రోజు డాక్టరమ్మ మాటకు మాత్రం కొంగు అడ్డం పెట్టుకుని నవ్విందట.

ఆ ఆవును పశువుల డాక్టరు తోలించుకుపోయాడు. మేం ఆరు వారాలు మాత్రలు మింగాం. జ్వరం పూర్తిగా పోయిన సాయంత్రమే అన్నయ్య గ్లాసు పట్టుకుని రెండో ఆవు దగ్గర నిలబడ్డాడు. పక్కనే నేనూ.

"ఏమమ్మాయ్, ఇంకా ఎంతసేపు?"

ఆమె ఖాళీ పాలచెంబు తెచ్చి నా కాళ్ళ దగ్గర పెట్టింది.

"తాగేవాళ్ళే పితుక్కోండి."

మర్నాడు పొద్దున్నే పొదుగు కడిగాను. పితికాను. సగం నేల తాగింది. మిగిలినవి పొయ్యి మీద పెట్టి, మొదటి గ్లాసు ఆమెకు పట్టుకెళ్ళాను. ఆమె గ్లాసు తాకి చూసింది.

"పొంగాయా?"

వెచ్చబడగానే దించేశాను. గ్లాసు తీసుకుని మళ్ళీ పొయ్యి దగ్గరికి నడిచాను.