నార్మన్ బిగించిన బేసిన్

మా తమ్ముడు నార్మన్‌కి యాభై దాటాయి. మా టాడ్‌మర్డన్ ఊళ్లోని చిన్న చర్చి పాటల బృందంలో పదేళ్లుగా మేవిస్ వెనక వరసలో నిలబడి పాడుతున్నాడు. ఆమె అంటే వాడికి ప్రాణం. కానీ ఆమె ఇటు తిరిగి "బాగున్నారా నార్మన్ గారూ?" అంటే చాలు, "టీ పెట్టుకొస్తా" అని పారిపోతాడు. ఒకసారి బస్సులో కూడా అదే మాట అని మధ్యలో దిగిపోయాడు. వీడికి పెళ్లి చేసి పంపితే తప్ప నా ఇల్లు నాకు దక్కదు. అందుకే ఆ ఆదివారం మేవిస్‌ని టీకి నేనే పిలిచాను.

పిలిచానని తెలియగానే ఈ మహానుభావుడు మెట్ల కింది కొట్టుగదిని బాత్‌రూమ్ చేస్తానని కూర్చున్నాడు. మేవిస్ గారు మేడ ఎక్కి ఆయాసపడకూడదట! కొట్టుకి జిప్సం బోర్డు గోడ లేపాడు. తడితే డప్పులా మోగుతుంది. దానికి పింగాణీ బేసిన్!

"ఒరేయ్, అది బోలు గోడరా. బోర్డు కోసి, లోపల నిలువు కర్రల మధ్య గట్టి అడ్డకర్ర వేసి, దానికి బోల్టులు బిగించు," అన్నాను.

"నువ్వూరుకో అక్కా. ఈ స్క్రూ ప్లగ్గులు బోర్డు లోపలికెళ్లి రెక్కలు విప్పుకుంటాయి. ఏనుగునైనా మోస్తాయని ప్యాకెట్ మీదే ఉంది."

"మనింటికి ఏనుగులొచ్చి చేతులు కడుక్కుంటాయా? మనుషులు దాని మీద ఆనుకుంటార్రా!"

వింటేగా! బేసిన్‌లో బంగాళాదుంపల బస్తా పెట్టి "చూశావా!" అని గంతులేశాడు. అద్దం తన ఆరడుగుల ఎత్తుకి తగ్గట్టు తగిలించాడు. తలుపుకి గడియ పెట్టే టైము మాత్రం చాల్లేదు. "లోపలున్నవాళ్లు పాడుతూ ఉంటే సరి," అని తేల్చేశాడు.

ఆదివారం మేవిస్ వచ్చింది. పొట్టి మనిషి, పొందికైన మనిషి. హామ్ శాండ్‌విచ్‌లు తింటున్నంత సేపూ నార్మన్ ప్లేటులోంచి తల ఎత్తలేదు. ఎవరో ఒకరు మాట్లాడాలి కదా, అడ్డకర్ర సంగతితో సహా బేసిన్ కథంతా చెప్పి వాడి పరువు తీశాను. ఆమె పడీ పడీ నవ్వింది. అల్లం కేకు అంటిన చేతులు కడుక్కుంటానని లేచింది. పాట నియమం చెప్పి పంపాను. లోపలికెళ్లి చక్కగా ఓ కీర్తన అందుకుంది.

కీర్తన అయిపోయింది. ఇంకోటి మొదలైంది. టీ చల్లారింది. మరోటి మొదలైంది.

తలుపు దగ్గరికెళ్లి "అంతా బాగానే ఉందా అమ్మా?" అన్నాను.

"అద్భుతంగా ఉందండీ, థాంక్యూ!" అని మళ్లీ పాట ఎత్తుకుంది.

మా ఊరివాళ్ల సంగతి నాకు తెలుసు. ఇల్లు తగలబడుతున్నా ముందు క్షమాపణ చెప్పుకుని, ఆ తర్వాతే నీళ్లు అడుగుతారు. అద్భుతంగా ఉందంటే కొంప మునిగిందన్నమాటే. ఏం చెయ్యాలా అనుకుంటుండగానే నార్మన్ దిగ్గున లేచాడు.

"అక్కా, ఆమె శ్రుతి తప్పింది!"

"అయితే ఏంట్రా?"

"పదేళ్లలో ఎప్పుడూ తప్పలేదే!" అంటూ పరిగెత్తి తలుపు తోసేశాడు.

గోడకి రెండు బొక్కలు. గోడని వదిలేసిన బేసిన్‌ని మేవిస్ పసిబిడ్డలా పొట్టకి అదుముకుని పాడుతోంది. పై పెదవికి లిప్‌స్టిక్ ఉంది, కింది పెదవికి లేదు. అద్దం అందక మునివేళ్ల మీద లేచి బేసిన్ మీద బరువు వేసిందన్నమాట. ఆ రంగు ఎవరి కోసమో నాకు అర్థమైంది, మా మొద్దుకే అర్థం కాలేదు.

"క్షమించండి, మీ బేసిన్ ఊడగొట్టేశాను," అంది.

"అయ్యయ్యో, తప్పు నాదండీ, మీరే క్షమించాలి," అంటూ వాడు రెండో వైపు పట్టుకున్నాడు. "అక్కా, నీళ్లు కట్టెయ్! దీని కింద పెట్టడానికి స్టూలు పట్రా!"

నీళ్లు కట్టేసి స్టూలు తెచ్చాను. గుమ్మం దాకా వచ్చేసరికి లోపల మేవిస్ గొంతు వినిపించింది.

"మిమ్మల్ని ఇంత దగ్గరగా చూడటం ఇదే మొదలు నార్మన్ గారూ."

"నేను... టీ పెట్టుకొస్తా."

"మీరు వదిలితే ఇది నా కాళ్ల మీద పడుతుంది."

స్టూలు అక్కడే దించి చెవి ఒగ్గాను. ఒరే వెధవా, ఇప్పుడు కూడా నోరు విప్పకపోతే నువ్వింక ఈ జన్మకి నా కొంపలోనే!

"అయితే... నన్ను పెళ్లి చేసుకుంటారా?"

"బాగుంది! కింది పెదవికి రంగైనా లేదు, ఇప్పుడా అడగడం?"

"నేను చూసుకోలేదండీ. ఎప్పట్లాగే బాగున్నారు."

"సరే, చేసుకుంటాను. కానీ ముందు ఆ గోడలో అడ్డకర్ర వెయ్యాలి. మీ అక్క హిల్డా గారు చెప్పినట్టే."

ఆ మాటకి నా కళ్లు చెమర్చాయి. ఈ ఇంట్లో నా మాట విన్న మనిషి దొరికింది, అదీ ఇల్లు దాటి వెళ్లబోయే జంటలో!

"అక్కా! స్టూలు దొరికిందా?" అని లోపల్నించి నార్మన్ అరిచాడు.

"వెతుకుతున్నానురా," అన్నాను, గుమ్మం బయట దాని మీదే కూర్చుని చల్లారిన టీ తాగుతూ.