లోపల వదిలిన గుడ్డ

ముప్పయ్యేళ్ళు సొంత కొట్లో బట్టలు కుట్టిన టైలరు యాభై ఎనిమిదో ఏట ఒక బట్టల షోరూములో పని కోసం పరీక్షకు కూర్చున్నాడు. రెడీమేడ్ బట్టలొచ్చి కొట్టు మూతపడింది. గార్మెంట్ ఫ్యాక్టరీలో కటింగుకు చేరితే, నూరు పొరల గుడ్డను ఒక్క ఊపున కోసే మిషనొచ్చి అక్కడా పొట్ట కొట్టింది. ఆ తర్వాత ఒక ఆఫీసు గేటు దగ్గర వాచ్‌మన్ కుర్చీ. సూది పట్టిన చెయ్యి రెండేళ్ళు విజిల్ పట్టుకుంది. ఈ షోరూములో ఆల్టరేషన్ పని దొరక్కపోతే మళ్ళీ ఆ కుర్చీయే గతి.

మేనేజరుకు ఆయన కొడుకు వయసుంటుంది. ఒక చొక్కా తెచ్చి ముందు పడేశాడు.

"మాస్టారూ, నడుము దగ్గర రెండంగుళాలు తగ్గించండి. పది నిమిషాలే టైము."

టైలరు ఏడు నిమిషాల్లో ముగించాడు. మేనేజరు చొక్కా తిరగేసి మొహం చిట్లించాడు.

"లోపల ఇంత గుడ్డ వదిలేశారేంటి?"

"రేపు ఒళ్ళొస్తే విప్పుకోవాలి కదా సార్."

"ఒళ్ళొస్తే కొత్తది కొనుక్కుంటాడు. మనం కొట్టు పెట్టిందే అందుకు! కోసిపారేయండి."

టైలరుకు ఒళ్ళు మండిపోయింది. తన చేతిమీదుగా వెళ్ళిన ఏ బట్టలోనూ ఆ మిగులు కోసి ఎరగడు. ఎదిగే పిల్లలకు రెండు వేళ్ళ గుడ్డ వదిలేవాడు, పెళ్ళికొడుకులకు మూడు. పెళ్ళికొడుకుల విషయంలో ఆయన అంచనా ఒక్కసారీ తప్పలేదు.

"అది కాదు సార్, నా మాట..."

"కుదరదంటే చెప్పండి మాస్టారూ. బయట ఇంకో నలుగురున్నారు."

నిజంగానే ఉన్నారు. అందరూ ఒకప్పుడు మెడలో టేపు వేసుకుని తిరిగినవాళ్ళే. వెధవ బతుకు అనుకుంటూ కత్తెర తీశాడు. కోసేశాడు.

"రేపట్నించి వచ్చేయండి," అన్నాడు మేనేజరు. వెళ్ళబోతూ టైలరు ఒంటిమీది చొక్కా వంక చూశాడు. "ఫిటింగు భలే ఉందే! ఎక్కడ కొన్నారు?"

"కొన్లేదు సార్. కొట్టు మూసేసే రోజున కుట్టుకున్నాను. రెండుసార్లు విప్పుకున్నాను," అన్నాడు టైలరు. మేనేజరు అప్పటికే ఫోనులో ఉన్నాడు.

ఇంటికి రాగానే భార్య గుమ్మంలోనే ఆపింది.

"పనొచ్చిందా?"

"వచ్చింది."

"మరి ఆ మొహమేంటండీ, పోయినట్టు?"

టైలరు జేబులోంచి రెండు గుడ్డ పేలికలు తీసి ఆమె చేతిలో పెట్టాడు. ఆమె వాటిని వేళ్ళతో కొలిచి చూసి, "ఏ దరిద్రుడు కోశాడండీ ఇంత మిగులు?" అంది.

"నేనేనే," అన్నాడు.