పదహారు కిలోల షరతు

ఆకివీడులో ధాన్యం వ్యాపారం చేసే కామరాజుకి ఇంట్లో ఒక్క గంటయినా ప్రశాంతంగా కూర్చోవాలని చాలాకాలంగా కోరిక. ఆ కోరికకు అడ్డం ఐదేళ్ల కూతురు ఇందుజ. రోజూ బస్తాలు తూచే మనిషికి కూడా ఆ పిల్ల సంగతి అంతుపట్టలేదు. పట్టుమని పదిహేను కిలోలు లేదు, ఇల్లంతా తనే ఉంటుంది. సోఫా కింద ఉంటుంది, బీరువాలో ఉంటుంది, అతను ఫోన్లో బేరం చేస్తుంటే మెడ మీద ఉంటుంది. నిద్రపోయాకైనా ఊరుకుంటుందా అంటే, మంచానికి అడ్డంగా పడుకుని అమ్మానాన్నల్ని చెరో అంచుకి తోసేస్తుంది.

ఉగాదికి వచ్చిన అత్తగారు పరమేశ్వరి మనవరాలి చేతులు పట్టుకు చూసి, పిల్ల మరీ పుల్లలా ఉందంది. వేసవి సెలవులకి పదహారు కిలోలు తూగకపోతే తమ ఊరు మండవల్లి తీసుకుపోయి, నెల్లాళ్లు పాలూ కొరమీనూ పెట్టి పంపుతానంది. కామరాజు మారుమాట లేకుండా ఒప్పేసుకున్నాడు. నెల్లాళ్లు తీరిగ్గా పేపరు చదువుకోవచ్చని పక్కింటివాళ్లకి కూడా చెప్పుకుని మురిసిపోయాడు.

తీరా సెలవులు దగ్గరపడేసరికి అతనికి గుబులు పట్టుకుంది. రంగు పెన్సిలు గీతలు లేని పేపరు చదివితే చదివినట్టుంటుందా అని అనుమానం వచ్చింది. మర్నాటినుంచి పిల్లకి పొద్దున్నే గుడ్డు, మధ్యాహ్నం నెయ్యి ముద్ద, సాయంత్రం సున్నుండ తనే దగ్గర కూర్చుని తినిపించడం మొదలుపెట్టాడు. ఇదేమిటని భార్య గాయత్రి అడిగితే, అత్తగారి చేత మాట పడడం తనకి ఇష్టం లేదన్నాడు. ఇందుజ సున్నుండ సగం కొరికి మిగతాది వీధి కుక్కకి పెట్టేది. అమ్మమ్మ ఊళ్లో బాతులున్నాయి, కాలవలో తాటిదోనె ఉంది. ఎటు మొగ్గాలో ఆ పిల్లకి బాగా తెలుసు.

సెలవులిచ్చిన మూడో వారం పరమేశ్వరి కారు వేసుకుని వచ్చింది. కాఫీ తాగి, పిల్లని తూచమంది. ఇంటి ముందుభాగమే షాపు కాబట్టి అందరూ బస్తాల కాటా దగ్గరికి చేరారు.

ఇందుజ చెప్పులు విడిచి కాటా ఎక్కింది. ఎక్కి, మునివేళ్ల మీద నిలబడింది, ఊపిరి బిగబట్టింది, కళ్లు కూడా గట్టిగా మూసుకుంది. అలా చేస్తే బరువు తగ్గుతుందని ఆ పిల్ల నమ్మకం. ఇంట్లోంచి వెళ్లిపోవడానికి కూతురు అంత కష్టపడుతుంటే కామరాజుకి ముందు ఉక్రోషం వచ్చింది, దాని వెనకే దుఃఖం వచ్చింది. పిల్ల వెనక నిలబడి, పంచె అంచు చాటున కుడికాలు కొంచెం కాటా మీద మోపాడు. ఎర్ర అంకెలు పద్దెనిమిదిన్నర దగ్గర ఆగాయి.

పిల్ల బాగా ఒళ్లు చేసిందని అతను గొంతు సవరించుకుని ప్రకటించాడు. పరమేశ్వరి అంకెలకేసి చూడలేదు, కిందికి చూసింది. ఆవిడ ముప్ఫై ఏళ్లుగా ధాన్యం అమ్ముతోంది, అందులో పదేళ్లు అల్లుడికే అమ్మింది.

"మా ధాన్యం తూచేటప్పుడు ఆ కాలు కాటాని కిందనుంచి ఎత్తిపట్టేదండీ అల్లుడుగారూ. ఇవాళ పైనుంచి నొక్కుతుందేవిటండీ?"

గాయత్రి నవ్వు ఆపుకోలేక పక్కకి తిరిగింది. ఇందుజ కళ్లు తెరిచి, కిందికి చూసి, ఎంతో మర్యాదగా అంది.

"నాన్నగారండీ, మీ కాలు తీసెయ్యండి. నేను అమ్మమ్మగారితో వెళ్లాలండీ."

తీశాడు. పద్నాలుగు కిలోల తొమ్మిది వందలు. బట్టల సంచీ అప్పటికే కారులో ఉంది. కాఫీలు తాగుతుండగా ఇందుజే మోసుకెళ్లి పెట్టేసింది.

కారు కదలబోతుంటే కామరాజు కిటికీ పట్టుకుని, పిల్లని ఎప్పుడు పంపుతారని అడిగాడు. పదహారు కిలోలు అయిన రోజే పంపుతానంది అత్తగారు.

ఇందుజ కాసేపు ఆలోచించింది.

"అయితే అమ్మమ్మగారండీ, నేను కొంచెం కొంచెమే తింటానండీ."

అందరూ నవ్వారు. కామరాజు కూడా నవ్వాడు గానీ, కారు మలుపు తిరిగేసరికి అతనికి ఏడుపొచ్చింది. ఎల్లుండి మండవల్లి వైపు ధాన్యం చూసే పనుందని భార్యతో అన్నాడు. అక్కడి దాళ్వా పంటంతా ఎప్పుడో మిల్లులకి చేరిపోయిందని గాయత్రికి తెలుసు. తెలిసే, ఎల్లుండిదాకా ఎందుకు, రేపే వెళ్దామంది.